రెండు గడుల మనిషి

"అవ్వట్లేదు కాకా. మళ్ళీ అదే వచ్చింది."

శ్రీప్రియ విసురుగా కీబోర్డును ముందుకు తోసింది. తెర మీద ఎర్రటి అక్షరాలు: 'ఈ సభ్యుడు యజమానుల జాబితాలో ఉన్నారు. కార్మికుడిగా చేర్చడం కుదరదు.'

నర్సింగం ఇలా తిరగడం ఇది నాలుగోసారి. సూరత్‌లో తెలుగువాళ్ళుండే లింబాయత్‌లోని నేతవారి సంఘం ఆఫీసులో ఆరోగ్య కార్డులు ఇస్తున్నారు, కార్మికులకు మాత్రమే. కార్డు ఉంటే శనివారం క్యాంపులో కంటి ఆపరేషన్ ఉచితం. ఈయనకు రెండు కళ్ళకీ పొరలు వచ్చాయి. సాంచా మీద, అంటే మరమగ్గం మీద, పోగు తెగితే కనబడక వేలితో తడుముకుంటున్నాడు. ఇంకో నెల గడిస్తే ఆ పని కూడా ఉండదు.

"గిదేంది బిడ్డా! పందొమ్మిదేండ్ల సంది సాంచాలు నడుపుతున్న. నేను కార్మికున్ని కాకపోతే ఇంకెవడు?"

"మీకు సొంత సాంచాలేమైనా ఉన్నాయా?"

"ఉన్నయి. ఇంట్ల ముందటర్రల రెండు. మా ఇంటామె నడుపుతది. గవి ఉంటే తప్పా?"

ఇంకేం, చిక్కెక్కడో దొరికింది. ఆయన రికార్డు తెరిచి చూడాల్సిన పని కూడా లేదు. తప్పు ఆయనది కాదు, శ్రీప్రియది. అదే ఆమె కడుపుమంట.

ఈ డేటాబేస్ బొమ్మ గీసింది తనే. పైన 'సభ్యుడు' అని ఒక పెద్ద గడి. అది సూపర్‌క్లాస్. పేరు, ఆధార్ నంబరు, అందరికీ ఉండేవన్నీ అందులోనే. దాని కింద రెండు సబ్‌క్లాసులు: 'కార్మికుడు', 'యజమాని'. కార్మికుడికైతే పనిచేసే చోటు రాయాలి. యజమానికైతే సాంచాలెన్ని, ఎక్కడున్నాయి. యజమానుల వివరాలు సాంచాల లైసెన్సు కాగితాల్లోంచి ముందే ఎక్కించేశారు. రెండు గడులకూ మధ్య చిన్న గుండ్రం, అందులో ఇంగ్లీషు 'డి' అక్షరం. డి అంటే డిస్‌జాయింట్, విడివిడి అని. ఒక గడిలో ఉన్న మనిషి రెండో గడిలోకి రాకూడదు.

మూడు నెలల క్రితం ఆ డి పెట్టి ఎంత మురిసిపోయింది! అచ్చం పుస్తకంలో బొమ్మలా ఉందనుకుంది. పుస్తకం రాసినవాడికి లింబాయత్ ఇళ్ళేం తెలుసు? పోనీ తనకు తెలియదా? పుట్టి పెరిగింది ఇక్కడే. నాన్న పొద్దంతా ఎవరో సేఠ్ కార్ఖానాలో, సాయంత్రం ఇంట్లో సాంచా దగ్గర. బుద్ధి గడ్డి తింది, ఇంకేం చెప్పాలి!

తను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్ కిశోర్‌కు ఫోన్ చేసింది.

"సర్, ఆ డి తీసేసి ఓ పెడదాం. ఒకే మనిషి రెండింట్లోనూ ఉండొచ్చు."

"ఒక్క పెద్దాయన కోసం మోడల్ మారుస్తామా? సంఘం వాళ్ళు సంతకాలు కూడా పెట్టేశారు. ఏదో ఒకటి తేల్చుకోమను ఆయన్ని."

"ఏం తేల్చుకోవాలి సర్? ఇంట్లో సాంచాలు అమ్ముకోమనా?"

"నా మీద అరవకు శ్రీప్రియా."

"అరుస్తాను సర్. ఇక్కడ కూర్చుని చూస్తే మీరూ అరుస్తారు."

"సరే, నీ ఇష్టం. ఏమైనా తేడా వస్తే పూచీ నీదే," అని కిశోర్ ఫోన్ పెట్టేశాడు.

నర్సింగం గోడ గడియారం వైపు కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

"జర జల్ది కాదా బిడ్డా? పూట సెలవు మీదొచ్చిన. రెండింటికి గేటు ముందల ఉండాలె. మొన్న పది నిమిషాలు లేటైతే సేఠ్ లోపలికి రానియ్యలే. 'ఇది మీ అయ్య కార్ఖానా అనుకున్నవా' అన్నడు."

"అంత మాటన్నాడా!"

"కోపమొస్తే గట్లనే. మనిషి మంచోడే. దీపావళికి మిఠాయి డబ్బా నాకొక్కనికే ఇస్తడు. ఏవో లైసెన్సు కాయితాల మీద సంతకం పెట్టిచ్చుకోని, డబ్బా చేతుల పెడ్తడు."

శ్రీప్రియకు ఆ సేఠ్ మీద కూడా ఒళ్ళు మండింది. కీబోర్డును మళ్ళీ దగ్గరికి లాక్కుంది. డి పోయింది, ఓ వచ్చింది.

"పనిచేసే చోటు చెప్పండి కాకా."

"ఉధనా, మూడో గల్లీ, నలభై ఒకటో నంబరు కార్ఖానా."

టైపు చేసి మీట నొక్కింది. ఎరుపు రాలేదు. ప్రింటర్ గరగరమంది.

నర్సింగం కార్డును ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు. "గిది నా పేరేనా?"

"మీదే కాకా."

"సల్లగుండు బిడ్డా!" అంటూ లేచాడు. గడియారం పావు తక్కువ రెండు చూపిస్తోంది. గేటు వేసేస్తారని చెప్పుల్లో కాళ్ళు సరిగా పెట్టకుండానే పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

హమ్మయ్య అనుకుంటూ శ్రీప్రియ ఆయన రికార్డు మొత్తం తెరిచింది. రెండు గడులూ పక్కపక్కన రావడం ఇదే మొదటిసారి. తను గీసిన బొమ్మ ఎలా ఉందో చూసుకోవాలని ముచ్చట.

ఎడమవైపు 'కార్మికుడు', తను ఇప్పుడే ఎక్కించిన చిరునామా.

కుడివైపు 'యజమాని' గడిలో, రెండు ఉంటాయనుకున్న చోట ఇరవై నాలుగు సాంచాలు, వాటి కింద చిరునామా: ఉధనా, మూడో గల్లీ, నలభై ఒకటో నంబరు కార్ఖానా.