మగ్గం గుంటలో పాదాలు

చీరాలలో మగ్గాలిప్పుడు నోటిమాటకే కదులుతున్నాయి. మాటంటే మన మాట కాదు, మగ్గాల కోసమే కట్టిన కొత్త భాష. ఒక్కో చీరకు ముప్పై ముక్కలు అతికిన ఒకే పొడుగాటి పదం. పలికేటప్పుడు ఎక్కడ విరవాలో, ఎక్కడ ఒత్తాలో తప్పితే పోగు తెగుతుంది.

ఊరంతా పోగులు తెగుతున్నా నాంచారమ్మ మగ్గం మాత్రం ఆగడం లేదని విని, ఆ భాషను కట్టిన శర్వాణి చూడవచ్చింది. తనకే నోరు తిరగని పదాన్ని ముసలామె తడుముకోకుండా పలికింది. శర్వాణి కిందికి చూసింది. మోటార్లు వచ్చి, కాళ్లతో మగ్గాన్ని ఆడించే తొక్కుడు చెక్కలు తీసేసి పదేళ్లయింది. అయినా మగ్గం కింది గుంటలో ఆమె పాదాలు మార్చి మార్చి గాలిని తొక్కుతున్నాయి.

"ఎక్కడ విరవాలో ఎలా తెలుస్తోంది మామ్మా?"

"నాకేం తెలుసమ్మా! కాళ్లకి తెలుసు."

శర్వాణి చెప్పులు విప్పి, పక్కనే గుంటలోకి కాళ్లు దించింది.

"ముందు ఏ కాలు?"