మూతపడని జాయింటు

మ్యాన్‌హోల్‌లోకి ఊదిన పొగ, ఇల్లే లేని ఖాళీ ప్లాటులోంచి పైకొస్తోంది.

హఫీజ్‌పేట్ కొత్త కాలనీలో మురుగు పైపులకు లీకులున్నాయేమోనని పరీక్షిస్తున్న సూపర్‌వైజర్ సైమన్, పొగ ఊదే ఫ్యాను ఆపించాడు. అయినా వెన్నెల్లో తెల్లటి పొగ, నిద్రపోయేవాళ్ల ఊపిరిలా, ఆగి ఆగి వస్తూనే ఉంది. రేపు అతని చెల్లెలు పసిబిడ్డతో పక్కింట్లో దిగుతుంది. వాళ్లు నీళ్లు తాగాల్సిన బోరు ఇక్కడికి పదడుగులే.

"ఏం మేస్త్రీ, ఇక్కడి జాయింటుకు సిమెంటు ఎగ్గొట్టావు కదూ?"

పైపులు వేసిన పోచయ్య నేలను మెల్లగా నిమిరాడు.

"మూడుసార్లు పెట్టిన సారూ. పెట్టిన ప్రతి రాత్రి, ‘జర గాలి రానియ్యి అన్నా’ అని భూమి లోపల్నించి ఒక ఆడమనిషి ఏడ్చింది. నాకు మనసొప్పలే. మూడుసార్లూ నేనే పగలగొట్టిన."