అమ్మ బరువు

"వచ్చావా?" అన్న తండ్రి గొంతు విని కూతురు స్నానాల గదిలోకి పరుగెత్తింది. ఆయన బరువు చూసుకునే మిషన్ మీద నిలబడి, పాదాల దగ్గర వెలుగుతున్న తెరతో మాట్లాడుతున్నాడు. తెర మీద 'అమ్మ' అని ఉంది.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది.

"అది అమ్మ కాదు నాన్నా. మన పేర్లూ బరువులూ నేనే అందులో పెట్టాను. లోపలి సెన్సర్లు బరువును బట్టి మనిషిని పోల్చుకుంటాయి, అంతే."

చెప్తూ చెప్తూనే ఆమె ఆయన్ని కిందినించి పైదాకా చూసింది. అమ్మ పిట్టంత మనిషి. నాన్న గుమ్మం నిండుగా ఉండేవాడు. ఇప్పుడాయన ఒంటి మీద చొక్కా, కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది.

"ఆ మాత్రం తెలుసమ్మా," అన్నాడాయన. "తిండి సయించక చిక్కిపోయాను. ఓ పొద్దున ఎక్కితే మీ అమ్మ పేరొచ్చింది. సంబరపడి కడుపునిండా తిన్నాను. మర్నాడు నా పేరే వచ్చింది."

"అందుకని?"

"మళ్లీ తినబుద్ధి కాలేదు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఎముకలే తగిలాయి. "దిగు నాన్నా."

"దిగితే వెళ్లిపోతుందే."

"వెళ్లనివ్వు," అంది. తెర మీది ఆ పేరు వైపు మాత్రం చూడలేకపోయింది.