చేటలో వెలుగు

“తొక్కవ్వా, ఏం కాదు!” భ్రమరాంబిక బతిమాలింది.

ముసలామె వెనక్కి జరిగింది. “ఇగ్రహం ముందర కాలు పెట్టేదేందే? కండ్లు పోవా?”

“దేవత కాదవ్వా. శెనిక్కాయలు చెరిగే కూలామె.”

ముసలామె లెంపలేసుకుని వెళ్లిపోయింది.

2006లో, నంద్యాలలోని ఒక కాలేజీలో జరుగుతున్న సైన్సు ప్రదర్శన అది. ఆ నల్లరాతి బొమ్మను భ్రమరాంబిక తన నాయన కొండయ్యతో కలిసి, దేవుడి విగ్రహాలకు పేరుపడ్డ ఆళ్లగడ్డలో చెక్కింది. బొమ్మ ముందు పలకలు పరిచి, వాటి కింద అడుగు ఒత్తిడికి కరెంటు పుట్టించే బిళ్లలు అమర్చింది. పలకలు తొక్కితే బొమ్మ చేతిలోని చేటలో గాజు గింజల్లాంటి చిన్న బల్బులు వెలుగుతాయి. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు. గెలిస్తే బొమ్మ హైదరాబాదులో రాష్ట్ర పోటీకి వెళ్తుంది. మార్కులు వేయడానికి ఫిజిక్సు లెక్చరరు మధ్యాహ్నం వస్తాడు. పొద్దుటి నుంచి ఒక్కరూ తొక్కలేదు.

‘ఇది దేవత కాదు’ అని అట్ట మీద రాసి తగిలించింది. ఒకావిడ ఆ అట్టకే బొట్టు పెట్టింది.

కొండయ్యకు నవ్వొచ్చింది. “ఆళ్లగడ్డ రాయిని జనం మొక్కుతారు గానీ తొక్కుతారా? యాడన్నా జూసినావా? సర్దు, బేగా పోదాం.”

“మొక్కనీ నాయనా. మొక్కేటోళ్లు చుట్టూ తిరుగుతారు గదా?”

అంటూనే పలకలు పెకలించింది. వైర్లు తెగాయి. కూర్చుని సోల్డరింగ్ కడ్డీతో మళ్లీ అతికించింది. వేలు చురుక్కుమని కాలితే నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో పని సాగించింది. అది చూసి కొండయ్య నవ్వు ఆపి పలకలు మోశాడు. బొమ్మ చుట్టూ గుండ్రంగా దారి తయారైంది.

ఈసారి ఎవరినీ బతిమాలలేదు. ఒకామె చెప్పులు విడిచి ప్రదక్షిణ మొదలుపెట్టింది. వెనకే ఇంకొకామె. చేటలో ఒక గింజ మిణుక్కుమంది. జనం నోరు తెరిచి నిలబడిపోయారు. గింజ ఆరిపోయింది.

“నిలబడొద్దు, నడ్సండి!” అరిచింది భ్రమరాంబిక.

నడిచారు. చేట నిండా వెలుగు.

“సూడు నాయనా, మనుషుల నడకే కరెంటు!”

లెక్చరరు వచ్చాడు. వంగి పలకల సందుల్లో వైర్లు చూశాడు. బిళ్లల గురించి అడిగి తెలుసుకున్నాడు. భేష్ అన్నాడు. తర్వాత చెప్పులు విడిచి, తనూ మూడు చుట్లు తిరిగి వచ్చాడు.

“మార్కులు, సార్?”

ఆయన బొమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

“తల్లికి మార్కులేసేదానికి నేనెంతటోణ్ణమ్మా?”