ఏడో గొంతు

"ఈ గొంతు వద్దు. తర్వాతి వాళ్లని పిలువు," అన్నాడు డబ్బింగ్ ఇన్‌చార్జ్.

"తర్వాత ఎవరూ లేరండీ. ఏడో నంబరే ఆఖరు," అన్నాడు పక్కన కూర్చున్న రికార్డిస్టు.

అద్దానికి అవతలి గదిలో ఏడో నంబరు మైకు ముందే నిలబడి ఉంది. లోపల ఉన్నది ఒక్క చిన్న దీపం, అదీ కాగితం మీదికి వంచి ఉంది. ఏసీ చలికి తల నిండా శాలువా. మనిషి ఉందని తెలుస్తోంది తప్ప మొహం తెలియడం లేదు. ఇన్‌చార్జ్‌కి మొహంతో పనీ లేదు. ఆయన వ్యాపారమంతా గొంతులతోనే.

పెద్ద తెర మీద హీరోయిన్ గడ్డం పైకెత్తి ఆగిపోయి ఉంది. సాయంత్రానికల్లా ఆ అమ్మాయికి గొంతు దొరకాలి. "ఆ సంగతి మీరే చూసుకోండి" అని డైరెక్టర్ ఆయన నెత్తిన పెట్టేసి వెళ్లాడు. ఇన్నాళ్లూ ఈ తలనొప్పి లేదు. ఆ అమ్మాయి నటించిన ఆరు సినిమాల్లోనూ మాట్లాడింది అక్కే. స్టూడియోలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కే. అలాంటి అక్క ఈసారి ససేమిరా అంది. పైగా ఈ ఏడో నంబరుని తనే వెంటబెట్టుకొచ్చి, వెనక సోఫాలో వేణ్ణీళ్ల ఫ్లాస్కుతో తిష్ఠ వేసింది.

"ఎక్కడ దొరికింది అక్కా నీకు ఈ పిల్ల?"

"ఎక్కడైతేనేం? ముందే పేరు చెప్తే మొహమాటానికి బాగుందంటారు. గొంతు వినండి. పేరు తర్వాత."

"విన్నాగా! కంకర మీద బండి పోతున్నట్టుంది. ఆ మొహం చూడు, వెన్నముద్ద. దానికి ఈ గొంతేంటి?"

"నా గొంతు విని విని మీ చెవులు పాడైపోయాయి. నాకు యాభై రెండేళ్లు. ఇంకా ఎన్నాళ్లు ముద్దుముద్దుగా పలకమంటారు? నాకే విసుగొస్తోంది."

ఇన్‌చార్జ్ మీట నొక్కి మైకులో చెప్పాడు. "సరేనమ్మా, ఇక వెళ్లు."

"వెళ్లను," అంది స్పీకర్లోంచి గొంతు.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ గదిలోంచి ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"ఏంటీ?"

"మీరు విన్నది రెండు ముక్కలే. సీనంతా వేయండి. అప్పటికీ నచ్చకపోతే నేనే పోతాను. కానీ సన్నగా చేయమంటే చేయను సార్. నా గొంతు ఇంతే."

"పొగరు బానే ఉందే!"

"ఉంది సార్."

రికార్డిస్టు నవ్వాపుకుంటూ, ఆయన చెప్పకముందే సీను వేశాడు. లోపల దీపం ఆరిపోయింది.

"కాగితం అక్కర్లేదు," అంది ఆమె చీకట్లోంచి.

తెర మీద ఇంటినిండా చుట్టాలు. చెల్లెలి తరఫున అన్నయ్య ఎవరికో మాట ఇచ్చేస్తున్నాడు. ఆ అమ్మాయి లేచి నిలబడింది. గడ్డం పైకెత్తింది. "నన్నడిగావా అన్నయ్యా?" అంది. అరవలేదు, ఏడవలేదు. ఆ బొంగురు గొంతుతో నిదానంగా అడిగింది, అంతే. ఇన్‌చార్జ్ చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఎవరూ చూడకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"ఒక్క పెదవి తప్పలేదండీ," అన్నాడు రికార్డిస్టు. "అడిగే ముందు గుటక వేసింది చూశారా? అది కాగితంలోనే లేదు."

"పెదాలు కలిస్తే సరిపోతుందా? జనానికి ఆ అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో తెలుసు. ఇది ఆ అమ్మాయి గొంతు కాదు!"

అక్కకి నవ్వొచ్చి వేణ్ణీళ్లు పొలమారాయి.

"నవ్వకక్కా. ఇలా పంతాలకి పోతే రేపట్నుంచి నీకూ ఇక్కడ పనుండదు."

"ఉండకపోతే మానె! ఇరవై ఆరేళ్లుగా అందరి ఏడుపులూ నేనే ఏడ్చాను. ఇక హాయిగా ఇంట్లో కూర్చుని నా ఏడుపు నేను ఏడుస్తాను. మీకు తెర మీద పెదాలు తప్ప మనుషులు కనపడరు కదా!"

ఇన్‌చార్జ్ ఇందాక నొక్కిన మీట ఇంకా అలాగే ఉంది. స్పీకరు మళ్లీ పలికింది. "సార్, ఇందాక మీరన్న మాట నా కాగితం మీద రాసివ్వండి."

"ఏ మాట?"

"ఇది ఆ అమ్మాయి గొంతు కాదని. కింద సంతకం కూడా పెట్టండి."

ప్రతి గొంతుకీ ఒక టెస్టు కాగితం ఉంటుంది. బాగుందనో బాలేదనో రాసి డైరెక్టర్‌కి పంపాలి. ఎలాగూ రాయాల్సిందే.

"రాసిస్తే పోతావా?"

"పోతాను. తిన్నగా డైరెక్టర్ గారి దగ్గరికే పోతాను."

"పో! నాకేం భయమా? పదహారేళ్లుగా ఇదే కుర్చీలో కూర్చున్నా. ఏ మొహానికి ఏ గొంతో నువ్వు నాకు చెప్తావా?"

కాగితం లాక్కుని, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. 'ఇది ఆ అమ్మాయి గొంతు కాదు.' సంతకం గీకి, దాని కింద రెండు గీతలు కూడా కొట్టాడు.

వెనక తలుపు తెరుచుకుంది. ఆయన తలెత్తలేదు.

"ఊఁ, ఇప్పుడైనా పేరు చెప్పు."

పక్కన రికార్డిస్టు కుర్చీ కిర్రుమంది. అతను లేచి నిలబడ్డాడు. ఇన్‌చార్జ్ విసుగ్గా వెనక్కి తిరిగాడు.

శాలువా తీసి చేతి మీద వేసుకుని, తెర మీద ఆగిపోయిన ఆ అమ్మాయే, గడ్డం అలాగే పైకెత్తి, గుమ్మంలో నిలబడి ఉంది.