పేరు లేని కవిత

"ఈ కవితలో మృత్యువు ఒక అతిథిలా వస్తుంది సార్," అన్నాడు బార్నబీ.

డాక్టర్ ఎల్డన్‌కి ఆవలింత వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. పొద్దుటి నుంచీ ఈ గదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరూ మృత్యువుని అతిథిని చేసి కూర్చోబెట్టారు. ఆయన ముందున్న టీ ఎప్పుడో చల్లారిపోయింది.

డిసెంబరు ఇంటర్వ్యూలంటే ఇంతే. ఇంగ్లీషు సాహిత్యం చదువుతామని దేశం నలుమూలల నుంచీ పిల్లలు ఈ కాలేజీకి వస్తారు. గది బయట కుర్చీలో కూర్చోబెట్టి చేతిలో ఓ కవిత పెడతారు. కవి పేరు ఉండదు, కాలం ఉండదు. అవి తీసేసి కాపీలు చేయడం ఆఫీసు వాళ్ళ పని. కాసేపు చదువుకుని లోపలికొచ్చి మంచిచెడ్డలు చెప్పాలి. పెద్ద పేరు చూసి పొగడకుండా, రాసింది చూసి మాట్లాడతారని ఈ ఏర్పాటు.

ఈ ఏటి కవిత మంచు పడ్డ ఆపిల్ తోట గురించి. అందులో ఓ ముసలాయన ఒంటరిగా ఉంటాడు. ఎవరు రాశారో ఎల్డన్‌కి తెలియదు. పక్కన కూర్చున్న డాక్టర్ పైక్ ఏరి ఉంటుందనుకున్నాడు. ఆమెని అడిగేయొచ్చు. కానీ జుట్టు నెరిసేదాకా ఇంగ్లీషు కవిత్వం పాఠం చెప్పినవాడు "ఇదెవరిదండీ?" అంటే ఇంకేమన్నా ఉందా! తెలిసినట్టే తలాడిస్తూ కూర్చున్నాడు. పిల్లలు దరఖాస్తులతో పంపిన సొంత రాతలు ఆఫీసు నుంచి వచ్చి బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. వాటిని తిరగేసే ఓపిక ఇద్దరికీ లేదు.

చివరగా మెరిల్ డాకర్ వచ్చింది.

ఉత్తరాన చేపల రేవు ఊరు. తెల్లారకముందే బయల్దేరి రైళ్ళు మారి మారి వచ్చింది. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. ఆమె బడి నుంచి ఇంతవరకూ ఎవరూ ఈ కాలేజీ గడప తొక్కలేదు. మిగిలింది ఒకే ఒక్క సీటు. అది రాకపోతే, బడి అయిపోగానే తల్లితోపాటు షెడ్డులో చేపలు ప్యాకింగ్ చేయడానికి పోవాలి.

కూర్చుంది. చేతిలో కాగితం ముందుకు చాపింది.

"ఇది... కావాలనే ఇచ్చారా సార్?"

"నీ ఒక్కదానికే కాదమ్మా, అందరికీ అదే ఇచ్చాం."

"అందరికీనా!"

పిల్ల మొహం జేవురించింది. తనకేదో ప్రత్యేకంగా తేలికైనది ఇస్తారనుకుంది కాబోలని ఎల్డన్ విసుక్కున్నాడు.

"ఊఁ, చెప్పు. ఎలా ఉంది?"

"పర్లేదు సార్. కానీ లోపాలున్నాయి."

డాక్టర్ పైక్ కళ్ళజోడు సర్దుకుంది. "లోపాలా! ఏవమ్మా అవి?"

"మూడో చరణంలో గుడ్లగూబ దండగ మేడమ్. ప్రాస కుదరక పట్టుకొచ్చి కొమ్మ మీద కూర్చోబెట్టారు."

"అది జ్ఞానానికి ప్రతీక అన్నారే, పొద్దుటి నుంచీ అందరూ!"

"కాదు మేడమ్. ప్రాస కోసమే."

"అంత ఖాయంగా ఎలా చెబుతున్నావ్?"

మెరిల్ తల వంచుకుంది. "తెలుస్తూనే ఉంది కదండీ."

ఎల్డన్‌కి జాలేసింది. "సరే, మృత్యువు సంగతి చెప్పు. తలుపు దగ్గరికి అతిథిలా వస్తుంది, చూడు," అని అందించాడు.

"మృత్యువు ఎక్కడా లేదు సార్. ఆ వచ్చింది పాలవాడు."

ఎల్డన్ చల్లారిన టీ కప్పు పక్కకి నెట్టాడు.

"చివరి రెండు పాదాలూ?" అంది పైక్.

"అవి తొందరలో చుట్టబెట్టినవి మేడమ్. ఇంకో వారం కూర్చుని ఉంటే బాగుపడేవి."

ఇక చాలన్నట్టు ఎల్డన్ లేచి నిలబడ్డాడు. మెరిల్ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మంచిచెడ్డలు చెప్పమన్నారని చెప్పాను. ఈ సీటు నాకు చాలా కావాలి సార్," అంది. వెళ్ళిపోయింది.

పైక్ నిట్టూర్చింది. "ధైర్యం ఉంది పిల్లకి."

"అది ధైర్యం కాదండీ, పొగరు. అంత గొప్ప కవిత పట్టుకుని పాలవాడంటుందా!"

"నిజమే. కవిత్వం వినే చెవి లేదు పాపం. ఆ ముసలాయన్ని చూసి రాయి కూడా కరుగుతుంది. ఈ పిల్లకి చీమ కుట్టినట్టయినా లేదు."

"బార్నబీకి ఇచ్చేద్దామా?"

"ఇచ్చేయండి. నాకు నడుం పడిపోతోంది."

ఎల్డన్ కాగితం మీద బార్నబీ పేరు రాసి సంతకం పెట్టాడు. పైక్ మఫ్లర్ చుట్టుకుంటూ, "అన్నట్టు, ఈసారి భలే కవిత ఏరారు మీరు," అంది. ఎల్డన్ ఒక క్షణం తెల్లబోయాడు. మెప్పు కాదనడానికి మనసొప్పలేదు, ఆరా తీయడానికి ఓపిక లేదు. చిన్నగా నవ్వి దీపం ఆర్పేశాడు.

స్టేషన్లో రైలు ఆలస్యమని చెబుతున్నారు. మెరిల్ బెంచీ మీద కూలబడి తల్లికి ఫోన్ చేసింది.

"ఏమే, గట్టెక్కావా?"

"ఏమోనమ్మా. ఉన్న తప్పులన్నీ చెప్పేశాను. వాళ్ళ మొహాలు చూస్తే నచ్చినట్టు లేదు."

"నీకేం పోయేకాలమే! ఎదురుగా కూర్చుని అడుగుతుంటే నాలుగు మంచి ముక్కలు పొగిడి రాకపోయావా?"

"ఎలా పొగడనమ్మా," అంది మెరిల్ నీరసంగా, "దరఖాస్తుతో పాటు నేను రాసి పంపిన కవితే కదా అది!"