పాత మరక

ఫోన్ మోగేసరికి అతను బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతులు తుడుచుకునే తీరిక లేక మోచేత్తోనే స్పీకర్ నొక్కాడు.

"ఏవండీ, మీరొక్కసారి ఇంటికెళ్లాలి," అంది భార్య. గొంతులో కంగారు. "బాగా పాత నూనె మరకున్న గుడ్డ ఏదైనా వెతికి, మధ్యాహ్నంలోగా మా ల్యాబు గేటు దగ్గర ఇచ్చేయండి."

"నా చొక్కా విప్పి పంపనా?"

"మీ బండి నూనె మా ఎంజైమ్ ముట్టదు. తలనూనో, వంటనూనో కావాలి. ఎంత ముదిరిపోతే అంత మంచిది."

ఒళ్లంతా మరకలే, ఒక్కటీ పెళ్లానికి పనికిరాదు. నవ్వుకుంటూ మెకానిక్ షెడ్డు తలుపు దించాడు.

ఆమె పని గురించి అతనికి తెలిసింది కొంచెమే. బట్టల సబ్బుపొడిలో కలిపే ఎంజైమ్ అది. నూనెను కొరుక్కు తింటుంది. ల్యాబులో పెంచిన బూజులోంచి దాన్ని బయటికి తీసి శుభ్రం చేయాలి. పాత పద్ధతిలో తీస్తే, చేతికొచ్చేసరికి చచ్చి ఉండేది. అందుకని ఆమె అయానిక్ ద్రవాన్ని పట్టుకుంది. అదీ ఒక రకం ఉప్పేనట. కాకపోతే నీళ్లు కలపకుండానే తేనెలా జారుతుందట. దాన్నీ, ఇంకో ఉప్పునూ బూజు కషాయంలో కలిపి కదపకుండా ఉంచితే, నీళ్లూ నూనెల్లా రెండు పొరలు కడతాయి. చెత్తంతా ఒక పొరలో ఉండిపోతుంది. ఎంజైమ్ ప్రాణాలతో రెండో పొరలోకి వచ్చేస్తుంది.

"జనంలో తప్పిపోకుండా అమ్మ చెయ్యి పట్టుకుని బయటపడ్డ పిల్లలా," అని చెప్పిందోసారి. చెప్పి, వెంటనే మాట మార్చేసింది.

ఆమెను పక్క మీంచి లేపి, మళ్లీ తల దువ్వుకునేలా చేసింది ఆ పనే. ఇవాళ కంపెనీ పెద్దలు వచ్చి, మీరు వేసుకున్న మరకలు మీరే పోగొట్టుకుంటే గొప్పేముంది, ఇళ్లలోంచి అసలు మరకలు తెప్పించండి అన్నారట. అవి పోకపోతే పని ఇంతటితో ఆపేస్తారు. ఆపేస్తే ఆమె మళ్లీ ఆ పక్క మీదికే చేరుతుందని అతని భయం.

ఇంట్లో మరకన్నది కనబడితే ఒట్టు. ఈ మధ్య ఆమె కంటపడ్డ గుడ్డనల్లా ఉతికి ఆరేస్తోంది. వంటింటి మసిగుడ్డ కూడా మల్లెపువ్వులా ఉంది. చివరికి, ఎప్పుడూ తెరవని ఆమె బీరువా తెరిచాడు. అడుగు అరలో, చీరల వెనక, ఓ జిప్ కవరు. గాలంతా పిండేసి మూసింది. మరక గుడ్డల్ని ఆమె దాచే పద్ధతే అది. లోపల నీలం చారల దిండు గలీబు. మధ్యలో ముదిరిన తలనూనె మరక. మంచం మీద దిండ్లకున్నవీ అవే చారలు. అన్నీ ఒకే తానులోంచి ఆమె కుట్టినవే.

ఎంతైనా ముందుచూపున్న మనిషి, అనుకున్నాడు. పరీక్ష కోసం ఎప్పుడో దాచి, హడావిడిలో మరిచిపోయి ఉంటుంది.

ఎవరింటి గుడ్డ ఏదో లోపలివాళ్లకు తెలియకూడదట. గేటు దగ్గర కవరు మీద ఒక అంకె మాత్రం వేసి తీసుకున్నారు.

సాయంత్రం, గుమ్మంలో చెప్పుల చప్పుడులోనే తెలిసిపోయింది, గెలిచిందని. ఆమె నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు ఈ ఇంటి దారి మరిచిపోయి చాలా కాలమైంది. అతను టీ పెడుతుంటే వంటింటి గట్టెక్కి కూర్చుని చెప్పుకుపోయింది. చివర్లో అంకెలు విప్పి చూస్తే, వచ్చిన గుడ్డలన్నిట్లోకీ మనదే మొండిదట. వాసన చూసి తీర్పు చెప్పే పెద్దాయనకు అందరూ పెట్టిన పేరు ముక్కుగారు. ఆయన నోరు అబద్ధమాడినా ముక్కు ఆడదని ల్యాబులో సామెత.

"ఉతికిన గలీబు అటూ ఇటూ తిప్పి ఏమన్నాడో తెలుసా? దీని మీద ఎప్పుడైనా ఓ మనిషి తల పెట్టుకుందంటే నేను నమ్మనమ్మా, అన్నాడు. అందరూ ఒకటే చప్పట్లు."

గలీబును సంచిలోంచి తీసి, బహుమతి ఇస్తున్నట్టు అతని చేతిలో పెట్టింది.

"అది సరే, ఇంత పాత మరక మీకెక్కడ దొరికింది? నేనన్నీ ఉతికేశానుగా."

"నువ్వు దాచిందేగా. నీ బీరువాలో, అడుగు అరలో. జిప్ కవర్లో పెట్టి మరిచిపోయావు."

నవ్వు ఇంకా ఆమె ముఖం మీదే ఉంది, దిగిపోవడం తెలియనట్టు. మెల్లగా గట్టు దిగింది. గలీబు తీసుకుని ముఖానికి అదుముకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. తిరగేసి పీల్చింది. లోపలికి చెయ్యి పోనిచ్చి, కుట్టు మూలలు బయటికి లాగి, అక్కడా వెతికింది.

"మీరోసారి చూడండి," అంది. "నాకు జలుబు చేసిందేమో."

అతను చూశాడు. సబ్బు వాసన కూడా లేదు.

పాపను ఆసుపత్రికి ఎత్తుకెళ్లి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన రోజు నుంచి, ఆ ఇంట్లో ఆమె ఉతకకుండా ఉంచుకున్నది ఆ ఒక్క గలీబే.